ఎదురు నడక

"మేడం, ఇది వన్ వే అండీ. అందరూ ఇటు నడుస్తుంటే మీరొక్కరే ఎదురొస్తున్నారు."

బరువు తగ్గాలని పార్కులో అడుగుపెట్టిన మొదటి రోజే కేకులమ్మాయికి ఈ మాట పడింది. అసలే కొత్త బూట్లు మడమల్ని కొరికేస్తున్నాయి. పైగా పొద్దున్నే లేచిన చిరాకు.

"బోర్డేమైనా పెట్టారా?" అంది.

"లేదు గానీ..."

"మరి? నా ఇష్టం!"

ముక్కు పైకెత్తి ముందుకు సాగిపోయింది. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూస్తే, అతని టీషర్టు వీపు మీద ఏదో డ్రైవింగ్ స్కూల్ పేరు, దాని కింద "దయచేసి దూరం పాటించండి" అని పెద్ద పెద్ద అక్షరాలు. ఓహో, మాస్టారా, అందుకే నోరు తెరిస్తే ట్రాఫిక్ రూల్సే వస్తున్నాయి అనుకుంది. ఆ రోజు నుంచీ పంతం కొద్దీ ఎదురే నడిచింది.

ఎదురు నడిస్తే ఏమవుతుంది? రౌండుకి రెండుసార్లు ముఖాలు ఎదురుపడతాయి. మొదట్లో ఇద్దరూ ముఖాలు మాడ్చుకున్నారు. తర్వాత కొన్నాళ్లు అతను చెట్లని చూశాడు, ఆమె తన బూట్లని చూసుకుంది. ఆ పైన ఎప్పుడో ఇద్దరి ముఖాల మీదా నవ్వొచ్చి కూర్చుంది. ఎవరు ముందు నవ్వారంటే ఇద్దరూ రెండోవాళ్లనే చూపిస్తారు.

ఒకరోజు వాన కురిసింది. జనమంతా షెడ్డు కిందికి పరుగెత్తారు. ముందు ఆగినవాళ్లు ఓడిపోయినట్టే అని వీళ్లిద్దరూ నడుస్తూనే ఉన్నారు. ఎదురుపడగానే మాస్టారు గొడుగు ఆమె చేతిలో పెట్టి, తడుస్తూ వెళ్లిపోయాడు. సగం చుట్టు తిరిగాక ఆమె దాన్ని అతని చేతిలో పెట్టేసింది. మళ్లీ అతను, మళ్లీ ఆమె. వాన వెలిసేదాకా గొడుగు అలా చేతులు మారుతూనే ఉంది. అయినా ఒక్కరి నోరూ పెగల్లేదు.

ఆమె పని చూస్తే కేకుల మీద క్రీముతో పేర్లు రాయడం. "ఐ లవ్ యూ" అని ఊళ్లోవాళ్ల తరఫున రోజూ రాసిపెడుతుంది. తన తరఫున మాత్రం "బాగున్నారా" అని అడగడానికి కూడా చేతకాలేదు చూడండి!

ఇలా ఉండగా బరువు చూసే మిషను మొండికేసింది. మొదట్లో చకచకా దిగిన ముల్లు డెబ్బై ఒకటి దగ్గర భీష్మించుకుని కూర్చుంది. రెండు నెలలు! ఆమె చెవి దిద్దులు తీసి ఎక్కింది. జుట్టు క్లిప్పులు తీసి ఎక్కింది. మిషనునే ఇంకో గదిలోకి మోసుకెళ్లి, అక్కడ ఊపిరి బిగబట్టి ఎక్కింది. అదే డెబ్బై ఒకటి.

"నిజం చెప్పు, దొంగచాటుగా తింటున్నావా?" అని నిలదీసింది అక్క. అక్క ఆసుపత్రిలో నర్సు. ఇంట్లోవాళ్లని కూడా పేషెంట్లలాగే చూస్తుంది.

"వేలికంటిన క్రీము నాకకుండా తుడిచేసుకుంటున్నానక్కా! ఇంకేం చెయ్యమంటావు?"

"అయితే నీ ఒళ్లు అలవాటు పడిపోయింది. రోజూ అదే సూపు, అదే పార్కు, అదే నడక. ఏదో ఒకటి మార్చాలి. సోమవారం నుంచి ఈతకి రా. పొద్దున బ్యాచ్‌లో నాతోపాటు నీ పేరూ రాయించేశాను."

"పొద్దునా? సాయంత్రం లేదా?"

"సాయంత్రం కొట్లో ఉంటావు కదే. పొద్దున నీకేం రాచకార్యాలు?"

ఏం చెప్తుంది? తిట్టుకోవడం తప్ప మాట్లాడుకోని మనిషి ఒకడున్నాడు, అతన్ని చూడకపోతే నాకు తోచదు అని చెప్తుందా?

ఆ రోజు కొట్లో ఎవరో కేకు మీద "నువ్వు లేక ఇల్లు బోసిపోయింది" అని రాయించుకున్నారు. "బోసి" దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. తను కిలోల కోసం పార్కుకి వెళ్లడం ఎప్పుడో మానేసిందని అప్పుడు తెలిసొచ్చింది. సోమవారం నుంచి అతను మామూలుగానే నడుస్తాడు. ఎదురు ఎవరూ రారు. రెండు రోజులు చూసి మర్చిపోతాడేమో. ఆ తలపుకే కళ్లు చెమర్చాయి.

ఆదివారం ఒక్కటే మిగిలింది. ఎదురుపడితే దొరికేది రెప్పపాటు. అంతలో క్షమించమని అడగడానికే కుదరదు, మిగతాదంతా ఎప్పుడు చెప్పేది? పక్కన నడవాలి. పంతాన్ని గట్టున పెట్టి అతని వైపు నుంచే నడవాలి.

గేటు పక్క బెంచీ మీద రోజూ ఒక మామ్మగారు కూర్చుంటారు. శనివారం బూటు తాడు కట్టుకుంటూ ఆమెతో అంది. "మామ్మగారూ, రేపు నేను అటు నుంచి నడుస్తాను. ఏదో ఒకటి మార్చాలంది మా అక్క."

"మార్చు తల్లీ, మార్చు," అని మామ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆదివారం కేకులమ్మాయి అందరితోపాటు నడిచింది. అతను ముందెక్కడో ఉంటాడని వేగం పెంచింది. మలుపు తిరిగింది. ముందున్న వీపులన్నీ చూసింది. దూరం పాటించమనే వీపు ఒక్కటీ లేదు. ఇవాళే రాలేదా? తల దించుకుని నడిచింది.

తలెత్తేసరికి అందరికీ ఎదురుగా, "సారీ అండీ, సారీ" అని తప్పుకుంటూ, ఒక్కడే వస్తున్నాడు మాస్టారు!

ఇద్దరూ ఆగిపోయారు. ఎన్నడూ ఆగనివాళ్లు.

"అందరూ ఇటు నడుస్తుంటే మీరొక్కరే ఎదురొస్తున్నారేంటండీ?" అంది.

"బోర్డేమైనా పెట్టారా?" అన్నాడతను. అని నాలుక కరుచుకున్నాడు. "మీ పక్కన నడుద్దామని మీ దారికి మారాను."

"అయ్యో, నేను మీ దారికి మారాను!"

నవ్వు ఆగాక ఆమె ముఖం చిన్నబోయింది. "రేపటి నుంచి నేను రాను. ఈత నేర్పిస్తుందట అక్క. బరువు తగ్గట్లేదు కదా."

"నాదీ తగ్గలేదండీ. పైగా పెరిగాను. అయినా మానానా?" అతను గొడుగు ఇచ్చిన రోజులాగే చూశాడు. "రౌండుకి రెండుసార్లు మీరు కనబడతారని వస్తున్నాను. రాత్రంతా దానికోసమే ఎదురుచూస్తాను."

"నేనూ అంతే," అంది. ఇన్నాళ్లు మోసిన మాట అంత తేలిగ్గా బయటికొచ్చేసింది. "అక్కకి నేను చెప్పుకుంటాను. ఈతకి ఆదివారాలు వెళ్తా. మిగతా పొద్దులు ఎవరికీ ఇవ్వను."

బెంచీ మీంచి మామ్మ చప్పట్లు కొట్టింది. "హమ్మయ్య! ఆగారురా నాయనా! ఇద్దరూ నాకు చెప్పే దారి మారారు!"

"నానమ్మా! నేను మారుతున్నానని నిన్న నీకు చెప్పాను కదా, అప్పుడే ఈమె కూడా మారుతోందని ఒక్క మాట అనొచ్చుగా?"

"నానమ్మా?" కేకులమ్మాయి నోరు వెళ్లబెట్టింది.

"ఎందుకనాలిరా? ఒక్కళ్లే దిగొస్తే రెండోవాళ్లు జన్మంతా దెప్పుతారు. ఇద్దరూ దిగొచ్చారు, ఇక చల్లగా ఉండండి. అమ్మాయ్, సాయంత్రం మీ అక్కని తీసుకుని ఇంటికి రా. నేను మాట్లాడతాను."

ఇద్దరూ పక్కపక్కన నడక మొదలుపెట్టారు. పది అడుగులు వేశాక మాస్టారు ఆగాడు.

"ఇలా కాదండీ. పక్కన నడిస్తే మీ ముఖం కనబడట్లేదు."

అని ఆమెకి ఎదురుగా తిరిగి, వెనక్కి వెనక్కి నడవసాగాడు.

"ఒరేయ్, పడతావురా!" అరిచింది మామ్మ.

"ఎడమకి రండి," అంది కేకులమ్మాయి. "ఇంకొంచెం ఎడమకి. ఆ, అలా. రాయుంది, చూసుకోండి. ఇప్పుడు తిన్నగా రండి..."

చెట్ల కింది మలుపు దాకా ఆమె మాట ఆగకుండా వినబడుతూనే ఉంది.