నలుగురికే గది

ఆ ఉదయం డిటెక్టివమ్మ ఆఫీసుకు వచ్చిన మనిషి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. కూర్చుంటే ఉన్న కాస్త ధైర్యం కూడా జారిపోతుందేమోనని నిలబడే మాట్లాడాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఒంటిమీద సరుకులు చేరవేసే వ్యాన్ల కంపెనీ వాళ్ళ నీలం చొక్కా, చేతిలో కాగితాలు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు.

“నేనుంటున్న ఇంట్లో నేను ఉండటం లేదంట మేడమ్. ఎవరో చెప్పారంట. ఆ చెప్పిందెవరో నాకు తెలియాలి,” అన్నాడు.

డిటెక్టివమ్మ బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసే ఉద్యోగంలో ఇరవై ఏళ్ళు గడిపి, అక్కడ విన్న అబద్ధాలు చాలక సొంతంగా బోర్డు పెట్టుకున్న మనిషి. ఆమె దగ్గర పనిచేసే గుమాస్తా ఆమెకంటే పెద్దవాడు, కోర్టులో టైపిస్టుగా రిటైరయ్యాడు. ఆవిడ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్ముతాడు. ఈ కేసు చిటికెలో తేలిపోతుందని అప్పుడే తేల్చేసుకుని, లోపలికి వెళ్ళి ముగ్గురికీ టీ తెచ్చాడు.

డ్రైవరు చెప్పిన సంగతి ఇది. అతను పరాయి చోటు నుంచి పని కోసం వచ్చాడు. తాత్కాలిక లైసెన్సు మీద వ్యాను నడుపుతున్నాడు. పక్కా లైసెన్సుకు పరీక్ష రాశాడు, బండి నడిపి చూపించాడు, రెండూ పాసయ్యాడు. ఇక మిగిలింది చిరునామా విచారణ ఒక్కటే. అధికారి ఇంటికి వచ్చి చూసి, ఆ మనిషి అక్కడ ఉండటం లేదని రాసుకుపోయాడు. తప్పుడు చిరునామా ఇచ్చాడన్న కారణంతో లైసెన్సు నిరాకరించారు. లైసెన్సు లేకపోతే కంపెనీ ఉంచుకోదు. ఉద్యోగం లేకపోతే ఇక్కడ ఉండే పర్మిట్ పొడిగించరు. పర్మిట్ లేకపోతే లైసెన్సుకు మళ్ళీ దరఖాస్తే పెట్టనివ్వరు. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అన్నట్టుంది వ్యవహారం. పర్మిట్ ఈ నెలాఖరుతో ముగుస్తుంది.

“అధికారి వస్తాడని నీకు ముందే తెలుసా?” అని అడిగింది డిటెక్టివమ్మ.

ముందురోజు సాయంత్రం ఫోన్ చేశారని చెప్పాడు. పనికి సెలవు దొరకలేదు. అందుకని గదిలో ఉన్న నలుగురికీ చెప్పి, ఎవరుంటే వాళ్ళు తన సంగతి చెప్పమని బతిమాలి వెళ్ళాడు. ఆ నలుగురిలో ఇద్దరు రాత్రి డ్యూటీ వాచ్‌మన్లు. ఒకాయన పెద్ద హోటల్లో బట్టలు ఇస్త్రీ చేస్తాడు. నాలుగో మనిషి, అదే వీధి చివర క్యాంటీన్లో వంట చేసే ఆయన, డ్రైవరు భార్యకు స్వయానా అన్న. డ్రైవర్ని ఇక్కడికి రప్పించిందీ, పనిలో పెట్టించిందీ ఆ బావే.

“వాళ్ళెవరూ అలాంటివాళ్ళు కాదు మేడమ్,” అన్నాడు డ్రైవరు. “ఆ రోజు నేను తిరిగొచ్చేసరికి నా పరుపు డాబా మీద ఎండలో వేసుంది. తాడు మీద ఆరేసిన నా చొక్కాలు తీసి, మా ఆవిడ చుట్టినట్టే చుట్టి సంచిలో పెట్టారు. నేనైతే ఎప్పుడూ కుక్కేస్తాను. అంత మంచివాళ్ళు. ఇల్లుగలావిడ మీదే నా అనుమానం.”

డిటెక్టివమ్మ చల్లారిన టీ తాగి, కేసు తీసుకుంటున్నానని చెప్పింది. ఆమె మొహంలో ఎప్పుడూ కనిపించే హుషారు గుమాస్తాకు కనబడలేదు. చక్కెర తక్కువైందేమో అనుకున్నాడు.

లైసెన్సుల ఆఫీసులో విచారణ అధికారి దొరకడానికి మధ్యాహ్నమైంది. చెడ్డవాడేం కాదు, తిరిగి తిరిగి అలిసిపోయిన మనిషి. ఏ ఇంట్లో ఎవరి మొహం ఎలా ఉందో గుర్తుపెట్టుకునే ఓపిక తనకెప్పుడో పోయిందన్నాడు. ఆ గది మాత్రం కాస్త గుర్తుంది. ఉదయం పదిగంటల వేళ. ఇద్దరు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. తలుపు తీసినవాడు తలకు తెల్లగుడ్డ చుట్టుకున్నాడు, అప్పుడే స్నానం చేసినట్టున్నాడు. అడిగితే, ఆ పేరు గలవాడెవడూ ఇక్కడ లేడన్నాడు. లోపల నాలుగు పడకలు, నాలుగు కంచాలు, అంతా రూలు ప్రకారమే ఉంది.

ఇంకేమైనా మాట్లాడాడా అని డిటెక్టివమ్మ అడిగింది.

“మంచినీళ్ళిచ్చాడు. లేడని రాస్తే ఆ అబ్బాయికి ఏమవుతుందండీ, వేరే చిరునామాతో మళ్ళీ పెట్టుకోవచ్చా అని అడిగాడు. పెట్టుకోవచ్చులే అన్నాను.”

“నిజంగా పెట్టుకోవచ్చా?”

అధికారి కాసేపు కాగితాలు సర్దాడు. ఈ ఏడాది నుంచి రూలు మారిందనీ, తప్పుడు చిరునామా అని ఒకసారి ఎక్కితే పర్మిట్ గడువులోపల మళ్ళీ పెట్టుకోవడం కుదరదనీ ఒప్పుకున్నాడు. అందరూ అదే అడుగుతారు, నిలబెట్టి అన్నీ ఎక్కడ వివరించగలం అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటే ఇదే.

బయటికి రాగానే గుమాస్తా కేసు తేల్చేశాడు. పొద్దుటిపూట గదిలో మెలకువగా ఉండేది ఇస్త్రీ ఆయన ఒక్కడే. వంటాయన తెల్లారకముందే క్యాంటీన్‌కు పోతాడని డ్రైవరే చెప్పాడు. పైగా స్నానం చేసిన తల, చక్కగా సర్దిన చొక్కాలు. డిటెక్టివమ్మ కాదనలేదు, అవుననలేదు. మర్నాడు పొద్దున పదిగంటలకు గది చూద్దాం అంది.

మూడో అంతస్తులో గది. తలుపు దగ్గరే గ్యాస్ పొయ్యి, ఒకే ఒక్క కిటికీ. వాచ్‌మన్లు నిద్రపోతున్నారు. ఇస్త్రీ ఆయన గుసగుసగానే మాట్లాడాడు. ఆ రోజు తాను కింద నీళ్ళ గదిలో వరసలో నిలబడి ఉన్నాననీ, పైకొచ్చేసరికి ఎవరో వచ్చిపోయారని వాచ్‌మన్ నిద్రలో గొణిగాడనీ చెప్పాడు. డిటెక్టివమ్మ అతని మాట వింటూనే గోడ అర చూసింది. ఇస్త్రీ ఆయన చొక్కాలు పుస్తకాలు పేర్చినట్టు అంచుకు అంచు కలిపి ఉన్నాయి. వాచ్‌మన్లవి మేకులకు వేలాడుతున్నాయి. వంటాయనవి చిన్న చిన్న చాపచుట్టల్లా చుట్టి నిలబెట్టి ఉన్నాయి.

కింద వాకిట్లో ఇల్లుగలావిడ ఎదురైంది. అడిగినవాళ్ళకల్లా ఇక్కడే ఉంటున్నాడని తానే సంతకం పెట్టి ఇస్తాననీ, తనకు అంతకుమించి ఏమీ తెలియదనీ చెప్పింది. పైన ఎంతమంది ఉంటున్నారని అడిగితే నలుగురంది. ఇప్పుడే ఐదు పరుపులు చూసొచ్చామని గుమాస్తా అనబోతే, డిటెక్టివమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. వెళ్తూ వెళ్తూ క్యాంటీన్ దగ్గర ఆగి ఫ్లాస్కులో ఉన్న టీ తాగారు. టిఫిన్లు అయిపోయాక మధ్యాహ్నం వంట మొదలయ్యేదాకా పొయ్యి ఆర్పేసి ఉంది.

ఆదివారం సాయంత్రం అందర్నీ గదిలో ఉండమని కబురు పెట్టింది. ఆ ఐదుగురూ ఒకేసారి మెలకువగా ఆ గదిలో ఉండటం అదే మొదటిసారి. పరుపులు చుట్టి గోడకు ఆనిస్తే గాని కూర్చోవడానికి చోటు లేకపోయింది. ఇల్లుగలావిడ గడప దాటలేదు. గుమాస్తా పొయ్యి పక్కన ఇరుక్కుని, ఆవిడ ఇప్పుడు చేసి చూపించే అద్భుతం కోసం ఎదురుచూస్తున్నాడు.

డిటెక్టివమ్మ ఏ నాటకమూ ఆడలేదు. ఎంత తొందరగా చెప్పి పోదామా అన్నట్టు చెప్పింది.

“పరుపు ఎండలో వేసింది మంచితనంతో కాదు బాబూ. అధికారి వచ్చేసరికి నీ పరుపు గదిలో ఉండకూడదు. నీ చొక్కాలు తాడు మీద ఉండకూడదు, నీ కంచం కనబడకూడదు. నిన్ను లేకుండా చేసిన మనిషి అవన్నీ ముందే తీసేశాడు.” ఆమె ఇస్త్రీ ఆయన వైపు చూసింది. “ఈయనే అనుకున్నారు మా గుమాస్తాగారు. కానీ చొక్కా కనబడితే చుట్టచుట్టే ఇస్త్రీవాడు ఉండడు. చెయ్యి ఒప్పుకోదు. అలా చుట్టడం ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకునేది. నీ భార్య ఎవరి దగ్గర నేర్చుకుందో, ఆమె అన్న కూడా అక్కడే నేర్చుకున్నాడు.”

వంటాయన తల వంచుకున్నాడు.

తలకు చుట్టిన గుడ్డ స్నానానిది కాదనీ, కూరల్లో వెంట్రుకలు పడకుండా వంటవాళ్ళు కట్టుకునేదనీ ఆమె చెప్పింది. పదిగంటలకు క్యాంటీన్ పొయ్యి ఆరిపోయి ఉంటుంది, వీధి చివరి నుంచి వచ్చిపోవడానికి ఎంతసేపు కావాలి? అన్నిటికంటే ముందు, లేడని చెప్పినవాడే ఆ అబ్బాయికి ఏమవుతుందని అధికారిని అడిగాడు. పగవాడు ఆ మాట అడగడు. అది విన్నప్పుడే, ఇది అయినవాళ్ళ పనేమోనని తనకు భయం వేసిందని చెప్పింది.

డ్రైవరు బావ వైపు తిరిగాడు. కోపం రావాల్సిన చోట అతని మొహంలో ఏమీ అర్థంకానితనం మాత్రమే ఉంది.

“ఈ గదికి నలుగురే,” అన్నాడు వంటాయన నేల చూస్తూ. “రూలది. ఐదో మనిషి ఉన్నాడని రాసుకుంటే గది మూసేస్తారు. నీకు తెలీదు, నేనే చెప్పలేదు. నువ్వొచ్చిన రోజున చెబితే ఎక్కడికి పోతావు? ఫోన్ వచ్చిందని నువ్వు చెప్పిన రాత్రి నాకు నిద్ర లేదు.”

“అయితే మీరే లేరని చెప్పుకోవచ్చు కదండీ,” అన్నాడు గుమాస్తా, ఉండబట్టలేక.

“గది నా పేరున ఉంది. నేను లేకపోతే గదే లేదు.” వంటాయన మిగతా ముగ్గుర్నీ చూపించాడు. “వీళ్ళ పర్మిట్లన్నీ ఈ చిరునామా మీదే ఉన్నాయి. వీళ్ళలో ఎవర్ని లేడని చెప్పను? పరాయివాళ్ళ బిడ్డల్ని లేరనే హక్కు నాకెక్కడిది? మనవాడైతే నాలుగు తిట్టి ఊరుకుంటాడు, ఇంకో చోట గది చూసి మళ్ళీ పెట్టిద్దాం అనుకున్నా. పెట్టుకోవచ్చనే చెప్పాడాయన. తీరా నీ చేతికి ఆ కాగితం వచ్చాక, నిజం చెప్పడానికి మొహం చెల్లలేదు.”

ఇస్త్రీ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. వాచ్‌మన్లలో చిన్నవాడు లేచి, అందరం కలిసి ఆఫీసుకు పోయి ఐదుగురం ఉంటున్నామని సంతకాలు పెడదాం అన్నాడు. అనేసి, రెండోవాడి మొహం చూసి మళ్ళీ కూర్చున్నాడు. గడప దగ్గర ఇల్లుగలావిడ, అలా చేస్తే రేపే గదికి తాళం పడుతుందనీ, తాను ఆపలేననీ చిన్నగా చెప్పింది.

“తాళం పడితే వీళ్ళకి చిరునామా ఉండదు. మరి నాకు?” అని డ్రైవరు డిటెక్టివమ్మను అడిగాడు.

“నీకూ ఉండదు.”

“అంటే నిజం చెప్పినా నాకు లైసెన్సు రాదు.”

“రాదు బాబూ. ఎవరు చేశారో కనుక్కోమన్నావు, కనుక్కున్నాను. అంతకంటే నా చేతిలో ఏమీ లేదు.”

గుమాస్తా ఆమె వైపు ఆశగా చూస్తూనే ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఆవిడ చివర్లో ఏదో ఒక దారి చూపించకుండా లేవలేదు. ఈసారి ఆవిడ చెప్పులు వేసుకోవడానికి లేచింది. ఆ ముసలాయనకు తన వయసు గుర్తొచ్చినట్టయింది, గోడ పట్టుకుని లేచాడు.

ఇంట్లో ఏం చెప్పావని డ్రైవరు బావను అడిగాడు. చెల్లెలు ఫోన్ చేసి లైసెన్సు సంగతి అడుగుతూనే ఉందనీ, ఏదో ఒకటి చెప్పక తప్పలేదనీ వంటాయన అన్నాడు.

“పరీక్ష తప్పావని చెప్పా.”

డ్రైవరు బావ ముందుకు జరిగాడు.

“నేను తప్పలేదు బావా. ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. పక్కన కూర్చుని పరీక్ష పెట్టినాయన దిగేటప్పుడు నాకు చెయ్యి కలిపాడు. నెలాఖరుకి వెళ్ళిపోతాను, ఎవర్నీ ఏమీ అనను. నాకు బండి నడపడం రాదని మాత్రం దానికి చెప్పకు.”

“మరి ఏం చెప్పమంటావు?” అన్నాడు వంటాయన. “నువ్వెందుకు తిరిగొస్తున్నావని చెల్లి అడిగితే ఏం చెప్పను?”

డ్రైవరు ఆలోచించాడు. బావ గురించి చెప్పకుండా, గది గురించి చెప్పకుండా చెప్పగలిగిన మాట ఒకటి కావాలి. గదిలో ఉన్న ఏ ఒక్కరికీ అలాంటిది తోచలేదు. వాచ్‌మన్లకు డ్యూటీ వేళవుతోంది, వాళ్ళు లేచి నిశ్శబ్దంగా బూట్లు వెతుక్కుంటున్నారు.

“సర్లే,” అన్నాడు చివరికి. “తప్పాననే చెప్పు.”