దేవి వలా, ఫారూఖ్ క్రేనూ

“వన్... టూ... త్రీ! అయిపోయావురా ఫారూఖూ!”

దేవి మంచం మీద నుంచి ఒక్క గెంతు గెంతింది. లాప్‌టాప్‌లో గంట మోగింది. మళ్లీ దేవే గెలిచింది.

ఒంటిపూట బడి అవగానే అన్నం తినీ తినకుండా ఫారూఖ్ ఇంట్లో వాలిపోయింది ఆ పిల్ల. ఇద్దరూ ఆరో తరగతే. పాతూర్లో ఒకే సందు, ఎదురెదురు ఇళ్లు. దేవి వాళ్ల నాన్న బోటు మీద చేపల వేటకెళ్తాడు. ఫారూఖ్ వాళ్ల నాన్నది టైలరింగ్ షాపు.

వాళ్లు ఆడుతున్న గేమ్ ఎక్కడా కొన్నది కాదు. దువ్వాడలో ఇంజనీరింగ్ చదువుతున్న ఫారూఖ్ అక్క షగుఫ్తా స్వయంగా తయారు చేసింది. టీవీలో వచ్చే రెజ్లింగ్ లాంటిదే, కానీ సరుకంతా మన విశాఖపట్నానిదే. రెజ్లర్ రింగులోకి వస్తుంటే పోర్టులో ఓడ కూత వినిపిస్తుంది. చుట్టూ జనం “లెగు బావా, లెగు!” అని కేకలేస్తారు. క్రేన్ భాయ్ అని ఒకడున్నాడు, ఎదుటివాణ్ణి నడుం పట్టి ఎత్తి కింద కుదేస్తాడు. ఇంకో రెజ్లర్ పేరేమిటో తెలుసా? దేవి! నుదుటి మీద మచ్చతో సహా అచ్చం మన దేవే. వల విసిరి ఎదుటివాళ్లని చుట్టేస్తుంది.

గేమ్‌లో మన పేరు పెడితే మనం మాత్రం ఊరుకుంటామా? దేవికి కాళ్లు నేల మీద నిలవడం లేదు.

“పో, నాను ఆడను,” అన్నాడు ఫారూఖ్ మొహం ముడుచుకుని. “ఒక వలేసి, లేసేలోపల ఇంకో వలేసేత్తన్నావ్. మా క్రేన్ భాయ్ సచ్చినా లేవలేకపోతన్నాడు. ఇదేటి ఆట?”

“ఓడిపోయినోడు అలాగే ఏడుత్తాడు!”

అప్పుడే షగుఫ్తా గదిలోకి వచ్చింది. రంజాన్ ఉపవాసం, రోజా ఉందేమో, మొహం వాడిపోయి ఉంది. దానికి తోడు రేపటి బెంగ. రేపు పొద్దున్న రుషికొండలో ఒక కంపెనీ వాళ్లకి ఈ గేమ్ చూపించాలి. నచ్చితే వేసవి సెలవుల్లో వాళ్ల దగ్గరే పని నేర్పుతారు. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచీ ఆమెకి అదే ధ్యాస.

“ఏం సార్, ఏం మేడమ్! ఏది బాగుంది, ఏది బాలేదు? ఉన్నదున్నట్టు చెప్పండి,” అంది.

“ఆపా, ఆ వల ఉంది సూడు...” అని ఫారూఖ్ అక్కతో మొదలెట్టాడో లేదో, దేవి అడ్డుపడింది.

“సూపరక్కా! అన్నీ సూపరే. ఒక్క వంక లేదు. ఈడు ఓడిపోనాడని కుళ్లు, అంతే!”

షగుఫ్తా మొహం విప్పారింది. “నిజంగానా? అయితే ఇంక దీన్ని ముట్టుకోను. ఇలాగే పట్టుకెళ్లిపోతాను.”

ఫారూఖ్ విసురుగా లేచి సందులోకి వెళ్లిపోయాడు.

అబద్ధమెందుకు, దేవికి తెలుసు. రెండు వలలు వరసగా పడితే అవతలివాడు ఇంక లేవడు. ఏ బటన్ నొక్కినా లేవడు. ఆ మాట చెబితే అక్క వల బలం తగ్గించేస్తుంది. అప్పుడు దేవి కూడా అందరిలాగే ఓడిపోతుంది! తన పేరున్న రెజ్లర్ కిందపడి దొర్లుతుంటే చూడ్డమా? అమ్మో, మనసొప్పలేదు.

“దేవీ! ఓ దేవీ! ఇలా రా బేటా!” వంటింట్లోంచి కేక వినిపించింది.

ఆ కేకకి అర్థం దేవికి కొత్త కాదు. రంజాన్ నెలంతా ఫారూఖ్ వాళ్లమ్మ తాహెరా సాయంత్రానికి గంజి కాస్తుంది. ఉపవాసంతో ఉన్నవాళ్లు రుచి చూడలేరు కదా. ఈసారి ఫారూఖ్ కూడా రోజా పట్టాడు. అందుకని ఉప్పు చూసే ఉద్యోగం దేవికొచ్చింది. ఆ ఉద్యోగమంటే దేవికి భలే గర్వం.

చెంచాడు గంజి ఊదుకుని నోట్లో వేసుకుంది. వెంటనే మొహం చిట్లించింది. “ఓలమ్మో! ఉప్పు ఎక్కువైపోనాది ఆంటీ. నోట్లో ఎట్టుకోలేం!”

తాహెరాకి కోపం రాలేదు. పైగా నవ్వేసింది. “బతికించావే తల్లీ! మసీదుకి కూడా ఇందులోంచే పంపాలి. నలుగురిలో పరువు పోయుండేది.” గబగబా నీళ్లూ, ఇంకాస్త నూకా పోసి కలిపింది. “మొహమాటానికి బాగుందనేసి ఉంటే ఏమయ్యేదాన్నో!”

“అలాగెందుకంటానాంటీ? మీరు నన్ను నమ్ముకునే కదేటి...”

అంతే. దేవి గది వైపు చూసింది. గదిలో ఉన్న అక్క కూడా తనని నమ్ముకునే కదా అడిగింది! రేపు అంతమంది పెద్దవాళ్ల ముందు ఆ గేమ్ అలా ఆగిపోతే? చెంచా అక్కడ పెట్టేసి గదిలోకి పరిగెత్తింది.

షగుఫ్తా లాప్‌టాప్‌ని సంచీలో సర్దుతోంది.

“అక్కా, ఒక్కసారి తియ్యవా? నువ్వు క్రేన్ భాయ్. నాను దేవి.”

“ఇప్పుడా? నాకు ఓపిక లేదే.”

“ఒక్కసారక్కా, నీకు దణ్ణమెడతాను!”

ఆట మొదలైంది. దేవి ఒక వల వేసింది. వెంటనే ఇంకోటి. క్రేన్ భాయ్ బోర్లా పడ్డాడు. షగుఫ్తా ఒక బటన్ నొక్కింది. అన్ని బటన్లూ నొక్కింది. వాడు లేస్తే ఒట్టు.

“యా అల్లా!” షగుఫ్తా తల పట్టుకుంది. “నీకిది ముందే తెలుసా?”

దేవి కళ్లలో నీళ్లు తిరిగాయి. “తెలుసక్కా. నా పేరెట్టినావు కదా... గెలుత్తన్నాను కదా అని సెప్పనేదు. ఫారూఖ్ సెప్పబోతే ఆడినీ సెప్పనివ్వనేదు.”

షగుఫ్తా ఇంకోసారి బటన్లన్నీ నొక్కి చూసింది. ఒక తిట్టు తిట్టినా బాగుండును అనుకుంది దేవి.

“హమ్మయ్య,” అని పెద్దగా ఊపిరి వదిలింది షగుఫ్తా. “పరువు పోతే పోయింది, ఇంట్లోనే పోయింది. అక్కడ పోలేదు, అదే పదివేలు. ఏడుపాపి ముందు వాణ్ణి పిలుచుకురా.”

ఫారూఖ్ మెట్ల మీద మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

“రారా. నువ్వు సెప్పిందే రైటు. అక్క రమ్మంటంది.”

“నాకు కుళ్లన్నావుగా?”

“నీకు కాదురా, నాకే. వొత్తావా రావా?”

వాడు రాకుండా ఉంటాడా! ఆ సాయంత్రం ముగ్గురూ లాప్‌టాప్‌కి అతుక్కుపోయారు. అవతలివాడు లేచి నిలబడేదాకా రెండో వల పడకుండా మార్చింది షగుఫ్తా. క్రేన్ భాయ్ మరీ మెల్లగా నడుస్తున్నాడని దేవే చెప్పింది. ఓడ కూతని మాత్రం కదపొద్దన్నాడు ఫారూఖ్. ఉపవాసం విడిచే వేళకి మసీదులో అజాన్ వినిపించాకే ముగ్గురూ లేచారు.

మర్నాడు మధ్యాహ్నం రుషికొండ నుంచి ఫోనొచ్చింది.

“అమ్మీ! మే నెల నుంచి రమ్మన్నారు!” షగుఫ్తా గొంతు సందంతా వినిపించినట్టే ఉంది. “అక్కడి సార్లు ఇద్దరు పోటీపడి ఆడారు. ఒకరికొకరు తీసిపోలేదు!”

తాహెరా చేతులెత్తి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంది. దేవికి గుండెల మీంచి బండ దింపినట్టయింది.

షగుఫ్తా ఇంటికి రాగానే పిల్లలిద్దరూ మళ్లీ ఆటకి కూర్చున్నారు. దేవి వల విసిరింది. క్రేన్ భాయ్ తప్పించుకుని, దేవిని ఎత్తి దబ్బుమని కింద పడేశాడు. వన్, టూ, త్రీ! ఫారూఖ్ ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

దేవి పెదవి కొరుక్కుంది. కాస్త ఉక్రోషంగానే ఉంది మరి.

“ఎలా ఉందే ఇప్పుడు?” షగుఫ్తా భయంభయంగా అడిగింది.

దేవి తెర మీదకి వంగి, కిందపడ్డ దేవిని అటూ ఇటూ పరీక్షగా చూసింది.

“ఆట బాగుందక్కా. ఆ ఎత్తి పడేసేది మరీ బాగుంది. కానీ ఒకటి. నాను కింద పడిపోనాను గానీ, నా జడ ఇంకా గాల్లోనే ఉండిపోనాది. సూడు!”