జ్వరంలో విన్న చప్పుడు

ఆ స్టెతస్కోపు నేను ముట్టుకోకుండా ఉండాల్సింది. డాక్టర్ పాండురంగారావు గారు కేసు చూడ్డానికి భీమడోలు వెళ్ళారు. ఏలూరులో ఆయన డిస్పెన్సరీకి నేను కంపౌండరునై మూడు నెలలు. పొగరు మాత్రం ముప్ఫై ఏళ్ళ సర్వీసుది.

కొల్లేటి లంక నుంచి పెద్దింటయ్య గారు కూతురు నాగమణిని తీసుకొచ్చారు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. మందు కలిపిచ్చి ఊరుకోవచ్చుగా! స్టెతస్కోపు తీసి ఆమె వీపుకి ఆనించాను.

"ఏవండీ, మీరు డాక్టరా?" అంది, కళ్ళు సగం తెరిచి.

"కాబోయే డాక్టర్ని," అన్నాను బడాయిగా.

"అయితే అయ్యాకే చూద్దురుగాని."

నవ్వబోయాను. ఇంతలో గుండె కొట్టుకునే చప్పుడు మధ్య బుస్సుమని ఇంకో చప్పుడు! "గుండెలో ఏదో తేడా ఉందండీ," అని నోరు జారాను.

జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. నా మాట మాత్రం లంకలో పాతుకుపోయింది. పెద్దింటయ్య గారు పిల్లని దోనె ఎక్కనివ్వలేదు, దాన్ని నడిపే గెడ ముట్టనివ్వలేదు. కుదిరిన సంబంధాన్ని ఆయనే వద్దనుకున్నారు.

మాదీ ఆ పక్క లంకే. టానిక్కు వంకతో వారం వారం వెళ్ళేవాణ్ణి.

"మీ నోటి చలవండీ, మంచానికి అతుక్కుపోయాను," అనేది నాగమణి. ఆ ఎత్తిపొడుపు వినకపోతే నాకు వారం గడిచేది కాదు. ఆమె నిజంగానే పోతుందేమోనని ఏడుపొచ్చేది కూడా. చివరికి ఉద్యోగం పోతే పోనీ అని డాక్టరు గారికి అంతా చెప్పేశాను. ఆయన నన్ను చెడామడా తిట్టి, అమ్మాయిని తీసుకురమ్మన్నారు. పెద్దింటయ్య గారే వెంటబెట్టుకొచ్చారు.

"చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా?"

"లేదండీ."

"గెడ వేస్తే ఆయాసం వచ్చేదా?"

"ఎదురుగాలికి మైలు దూరం వేసినా వచ్చేది కాదండీ."

పడుకోబెట్టి విన్నారు. లేపి కూర్చోబెట్టి విన్నారు. ఆయన ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు.

పెద్దింటయ్య గారు ఆగలేకపోయారు. "దీని రాత ఇంతేనా బాబూ? ఇలాంటి పిల్లని ఎవరు చేసుకుంటారు?"

"నేను చేసుకుంటానండీ!" అన్నాను. "ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు."

"నోర్ముయ్ గంగరాజూ, వినబడ్డం లేదు," అని డాక్టరు గారు కసిరారు. మళ్ళీ విన్నారు. అప్పుడు స్టెతస్కోపు తీశారు.

"గుండెలో వినిపించే ప్రతి చప్పుడూ జబ్బు కాదు పెద్దింటయ్యా. చిన్నప్పటి కీళ్ళ జ్వరంతో గుండె కవాటం పాడైనా వస్తుంది, అది ప్రమాదమే. కానీ జ్వరంలో రక్తం ఉరుకులు పెడుతుంది, అప్పుడు మంచి గుండెలోనూ వినిపిస్తుంది. ఇప్పుడది మచ్చుకైనా లేదు. వీడు తాను జడుసుకుని మిమ్మల్ని జడిపించాడు."

పెద్దింటయ్య గారు కండువాలో ముఖం దాచుకుని ఏడ్చేశారు. నాగమణి నా వైపు తిరిగింది.

"ఇందాక మీరడిగింది చచ్చిపోయేదాన్నండీ. నేను బతికేదాన్నిట. మళ్ళీ అడగండి."

ఇందాకటి ధైర్యం ఏమైపోయిందో! ఇప్పుడు కాదంటుందేమో!

"అడుగు బాబూ," అన్నారు పెద్దింటయ్య గారు, కళ్ళు తుడుచుకుంటూ.

"నన్ను... చేసుకుంటావా?"

"చేసుకుంటానండీ," అంది, తల వంచుకోకుండా.