ఎలిజబెత్ ఎంచుకున్న ట్యూనర్

అర్చన టీచర్ కంటే ముందు ఆమె గాజుల చప్పుడే క్లాసులోకి వచ్చింది. ఆమెకు పెళ్లయి ఇంకా నెల కాలేదు. రెండు చేతుల నిండా ఎర్రగాజులు. నడిచినా మోగుతాయి, బోర్డు తుడిచినా మోగుతాయి. ఆ సోమవారం మధ్యాహ్నం మాత్రం మరీ గట్టిగా మోగాయి. ఎందుకంటే టీచర్ వరండాలో పరుగెత్తుకుంటూ వచ్చింది.

"సెలెక్ట్ అయినాం!" అంది గుమ్మంలోంచే. "పోటీకి మనం పంపిన పాట వీడియో వాళ్లకు నచ్చింది. శనివారం నంద్యాలలో పోటీ!"

ఆరో తరగతి మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడింది. డోలక్ వాయించే వెంకటేష్ బెంచీ మీదే ధనధనమని దరువు వేశాడు. గిటార్ వాయించే ఎలిజబెత్, హార్మోనియం వాయించే భానుప్రియ ఒకరినొకరు పట్టుకుని గుండ్రంగా తిరిగారు. తిరిగి తిరిగి డెస్కుకు తగిలి, మోకాలు రుద్దుకుంటూ కూడా నవ్వారు.

ఆళ్లగడ్డలో రాతిని చెక్కే శిల్పుల మీద అర్చన టీచరే రాసిన పాట అది.

*టంగు టంగు ఉలి పాడె,*
*రాతిలోన నవ్వు లేచె...*

"ఒక్క మాట మాత్రం రాసినారు," అంది టీచర్. "శ్రుతి, తాళం మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టమన్నారు."

"టీచర్, అది నాకు వదిలేయండి," అని ఎలిజబెత్ చెయ్యెత్తింది. "ఫోన్లో యాప్‌లు ఉంటాయి. శ్రుతికి ట్యూనర్, తాళానికి మెట్రోనోమ్. నేను చూసుకుంటా."

ఎలిజబెత్ అట్లాగే మాట్లాడుతుంది. 'ప్రయత్నిస్తా' అనదు, 'చూసుకుంటా' అంటుంది.

* * *

ఎలిజబెత్ వాళ్లమ్మ పరంజ్యోతికి బడి ఎదురుగానే కుట్టు అంగడి ఉంది. సాయంత్రం మిషన్ పక్కన కూర్చుని, అమ్మ ఫోన్లో 'ట్యూనర్' అని వెతికింది ఎలిజబెత్. వరసగా యాప్‌లు వచ్చాయి. కిందికి జరిపేకొద్దీ ఇంకా వచ్చాయి.

ఒకదాంట్లో సూది అటూ ఇటూ ఊగుతుంది. ఒకదాంట్లో లైట్లు వెలుగుతాయి. ఇంకొకదాంట్లో ఆకుపచ్చ చిలక ఉంది. తీగ సరిగ్గా పలికితే చిలక రెక్కలు కొట్టి ఆడుతుంది. తప్పు పలికితే ఎర్రబడి తల వేలాడేస్తుంది. మెట్రోనోమ్ కూడా దాంట్లోనే ఉంది. పైగా అయిదుకు నాలుగున్నర స్టార్లు!

"ఇదేమ్మా!" అంది ఎలిజబెత్.

"అన్నీ చూసి ఎంచుకున్నావా, చిలకను చూసి ఎంచుకున్నావా?" అంది అమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"రెండూ ఒకటేలేమ్మా."

గిటార్‌కున్న ఆరు తీగలూ చిలకకు వినిపించింది. బిరడాలు తిప్పి ఒక్కొక్క తీగనే బిగించింది. ఆరుసార్లూ చిలక ఆడింది. ఎలిజబెత్ కూడా దాంతోపాటు ఆడింది.

* * *

మంగళవారం బడి వదిలాక ప్రాక్టీసు మొదలైంది. అర్చన టీచర్ ఆఫీసు గదిలో ఏవో ఫారాలు నింపుతూ ఉంది. భానుప్రియ హార్మోనియం మూత తీసింది. అది వాళ్ల తాత మద్దిలేటిది. చెక్కభజనలో ముప్పై ఏళ్లు వాయించి, ఈ ఏడే మనవరాలి చేతికిచ్చాడు.

ఇంతకు ముందైతే భానుప్రియ ఒక మెట్టు నొక్కేది, ఆ పలుకు విని ఎలిజబెత్ తీగ సరిచేసుకునేది. ఈరోజు ఆ పని లేదు. చిలక ఉందిగా.

పాట మొదలుపెట్టారు. మొదటి లైనుకే ఎలిజబెత్ మొహం ముడుచుకుపోయింది. పచ్చి చింతకాయ కొరికినట్టుంది ఆ చప్పుడు. గిటార్ ఒక దారి, హార్మోనియం ఒక దారి.

"ఆగండి, ఆగండి!" అంటూ ఎలిజబెత్ ఫోన్ తెచ్చి హార్మోనియం ముందు పెట్టింది. "మే భానూ, ఒక మెట్టు నొక్కు."

భానుప్రియ నొక్కింది. చిలక ఎర్రబడి తల వేలాడేసింది.

"ఇంకోటి నొక్కు."

మళ్లీ ఎరుపే. పాడే పిల్లలు కిసుక్కుమన్నారు. ఎవరో "చిలకకు జరం వచ్చినట్టుంది," అన్నారు. అందరూ పగలబడి నవ్వారు.

"చూసినావా?" అంది ఎలిజబెత్. "నీ పెట్టే తప్పు. పాతది కదా, పాడైపోయినట్టుంది."

"మా తాత పెట్టె పాడు కాలే."

"యాప్ అబద్ధం చెప్తాదా?"

భానుప్రియ హార్మోనియం మూత వేసింది. గుడ్డ కప్పింది. దాన్ని ఎత్తుకుని, గేటు దగ్గర ఎదురుచూస్తున్న ఆటో వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

బుధవారం భానుప్రియ బడికొచ్చింది కానీ హార్మోనియం రాలేదు.

"తాతకు కావాలంట," అంది పుస్తకంలోంచి తలెత్తకుండానే.

"ఏం ఫరవాలేదు," అంది ఎలిజబెత్ గట్టిగా. కానీ ఆ మాట అంటూనే ఖాళీగా ఉన్న హార్మోనియం చోటు వైపు చూసింది.

* * *

ఆ సాయంత్రం హార్మోనియం లేకుండానే ప్రాక్టీసు. చిలక యాప్‌లో మెట్రోనోమ్ నొక్కింది ఎలిజబెత్. టిక్ టిక్ టిక్ టిక్! పిల్లలు ఆ టిక్కుల వెంట పడ్డారు. వెంకటేష్ చేతులు డోలక్ మీద, పెనంలో వేగే గింజల్లా ఎగిరాయి. రెండో చరణానికి పాడేవాళ్లకు ఊపిరి చాల్లేదు. పట్టుకోవడానికి హార్మోనియం లేక గొంతులు తలో పక్కకూ జారిపోయాయి.

"రాతిలోన నవ్వు లేచె..." అని పాడుతుండగా ఫోన్ గట్టిగా అరిచింది. "మీ జుట్టు రాలిపోతోందా?"

యాప్‌లో ప్రకటన! వెంకటేష్ డోలక్ వదిలేసి తల తడుముకున్నాడు.

తలుపు దగ్గర గాజులు గలగలమన్నాయి. అర్చన టీచర్ అందరినీ ఒకసారి చూసింది.

"ఏందిది, పాటనా? బస్సు అందుకునే పరుగా? అంత స్పీడు ఎవరు పెట్టినారు?"

"నిమిషానికి నూట ఇరవై టిక్కులని అదే ఉన్నింది టీచర్," అంది ఎలిజబెత్.

"అదుంటే సరేనా? పాడే వాళ్లకు ఊపిరి ఎంత పడుతుందో దానికేం తెలుసు? తగ్గించు."

ఎలిజబెత్ తగ్గించింది. నూట పది. వంద. తొంభై రెండు దగ్గర వెంకటేష్ "ఆఁ, ఇప్పుడు చేతులు నావే అనిపిస్తాండాయి," అన్నాడు.

"భానుప్రియ యాడ?" అంది టీచర్.

పిల్లలు ఎలిజబెత్ వైపు చూశారు. చివరికి వెంకటేషే చెప్పాడు. "ఎలిజబెత్ ఆ పాప పెట్టెను అందరి ముందర తప్పు అనింది టీచర్. మేమూ నవ్వినాం."

టీచర్ కోప్పడలేదు. ఎలిజబెత్ పక్కన కూర్చుంది. "మన వీడియోలో వాళ్లకు బాగా నచ్చింది ఏందో తెలుసా? హార్మోనియంతో మొదలవడం. అది లేకపోతే శనివారం ఏం పాడాలో నాకు తెలీడం లేదు," అని లేచి వెళ్లింది.

* * *

అమ్మ అంగట్లో ఎలిజబెత్ ఫోన్ పక్కన పడేసి కూర్చుంది. పరంజ్యోతికి అది వింతగా తోచింది.

"ఏమైంది?"

ఎలిజబెత్ అంతా చెప్పింది. "కానీ అమ్మా, చిలక తప్పు చెప్పలేదు కదా!"

"నా టేపు కూడా తప్పు చెప్పదు," అంది అమ్మ. మెడలో వేలాడుతున్న టేపును చూపించింది. "అయినా టేపు చూసి కుట్టను. మనిషిని చూసి కుడతా. కొలత ఎవరిదో తెలీకుండా జాకెట్ కుడితే ఎవరికి పడుతుంది?"

ఎలిజబెత్ ఫోన్ చేతిలోకి తీసుకుంది. చిలక కాళ్ల కింద చిన్న అక్షరాల్లో 440 అని ఉంది. ఇన్ని రోజులూ దాన్ని చూడనే లేదు.

నూట ఇరవై కూడా అట్లాగే ఉండింది. ఎవరూ పెట్టకుండానే. దాన్ని మార్చుకున్నాం. మరి దీన్ని?

నొక్కి చూసింది. మారలేదు. యాప్‌లో చదివితే తెలిసింది. గాలి సెకనుకు ఎన్నిసార్లు కదిలితే ఒక స్వరం పుడుతుందో చెప్పే నంబరు అది. మిగతా స్వరాలన్నీ దాన్ని బట్టే కొలుస్తారు. కొన్ని పాత వాయిద్యాలకు ఆ నంబరు వేరేగా ఉంటుంది.

ఎలిజబెత్ లేచి నిలబడింది. మళ్లీ వెతకడం మొదలుపెట్టింది. ఈసారి స్టార్లు చూడలేదు, బొమ్మలు చూడలేదు. మూడే ప్రశ్నలు. నంబరు మార్చుకోవచ్చా? నెట్ లేకుండా పనిచేస్తుందా? మధ్యలో జుట్టు సంగతి అడుగుతుందా?

నాలుగు యాప్‌లు తీసేశాక అయిదోది దొరికింది. తెల్ల గీత, నల్ల సూది, అంతే. చూస్తే నిద్రొచ్చేట్టుంది. ఎలిజబెత్‌కు మాత్రం అది ముద్దొచ్చింది.

* * *

గురువారం సాయంత్రం గిటార్ భుజాన వేసుకుని, అమ్మతో స్కూటీ మీద భానుప్రియ వాళ్ల ఇంటికి వెళ్లింది. ఊరి చివర మొక్కజొన్న చేలు దాటాక ఆ ఇల్లు. వాకిట్లో మద్దిలేటి తాత మంచం మీద కూర్చుని తెగిన చెప్పుకు మేకు కొడుతున్నాడు.

"తాతా, హార్మోనియం మీకు కావాలంట కదా?" అంది ఎలిజబెత్.

"నాకెందుకమ్మా? నా వేళ్లు మెట్ల మీద పరుగెత్తడం మానేసి రెండేండ్లాయె," అన్నాడు తాత.

గడపలో నిలబడిన భానుప్రియ మొహం తిప్పుకుంది.

"భానూ, ఒక్కసారి పెట్టె తీస్తావా?"

"మళ్లీ నవ్వడానికా?"

"కాదు. తప్పు నేనే చేసినా. ఎట్ల చేసినానో చూపిస్తా."

భానుప్రియ లోపలికి వెళ్లింది. హార్మోనియం తెచ్చి అరుగు మీద పెట్టింది. ఎలిజబెత్ కొత్త యాప్ తెరిచి ఫోన్‌ను దాని ముందు పెట్టింది.

భానుప్రియ ఒక మెట్టు నొక్కింది. సూది నడిమి గీతకు కొంచెం ఎడమన ఆగింది. ఇంకో మెట్టు. సరిగ్గా అంతే ఎడమన. ఇంకోటి, ఇంకోటి. పదిహేను మెట్లు నొక్కారు. ప్రతిసారీ సూది అదే చోటుకు వచ్చింది.

"చూసినావా?" అంది ఎలిజబెత్. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. "పాడైన పెట్టె అయితే ఒకటి ఇటు, ఒకటి అటు పోవాల. ఇది అన్నీ ఒకే మాట మీద ఉండాయి. దీని నంబరు వేరే, అంతే!"

440ని ఒక్కొక్కటే తగ్గించింది. 438. 436. 434 దగ్గర సూది నడిమి గీత మీద నిలబడింది. ఇప్పుడు ఏ మెట్టు నొక్కినా కదలడం లేదు.

"నీ పెట్టెకు బిరడాలు లేవు. నా గిటార్‌కు ఉన్నాయి. తిరగాల్సింది నేను," అంటూ ఆరు తీగలూ కొంచెం కొంచెం వదులు చేసింది.

ఇద్దరూ కలిసి మొదటి లైను వాయించారు. పాలలో చక్కెర కలిసినట్టు రెండు చప్పుళ్లూ ఒకటైపోయాయి. తాత చెప్పు పక్కన పెట్టి తొడ మీద తాళం వేశాడు.

భానుప్రియ నవ్వబోయి ఆగింది. "అయినా నువ్వు అందరి ముందర అన్నావు."

"అవును," అంది ఎలిజబెత్. "రేపు అందరి ముందరే చెప్తా."

* * *

శుక్రవారం ప్రాక్టీసుకు హార్మోనియం వచ్చింది. ఎలిజబెత్ పిల్లలందరినీ దాని చుట్టూ కూర్చోబెట్టింది. లేచి నిలబడింది. గొంతు తగ్గించకుండా చెప్పింది.

"మంగళవారం నేను ఈ పెట్టె తప్పు అన్నా. తప్పు పెట్టెది కాదు, నాది. నేను ముందు భానును అడగలే. చిలకను అడిగినా. చిలక నంబరు 440, ఈ పెట్టెది 434. ఇప్పుడు చూడండి."

భానుప్రియ వరసగా మెట్లు నొక్కింది. సూది నడిమి గీత మీదే నిలబడింది. ఈసారి ఎవరూ కిసుక్కుమనలేదు. వెంకటేష్ ముందుకు వంగి, "ముప్పై ఏండ్లు వాయించినా గీత దాటలేదా? మీ తాత పెట్టెకు దండం పెట్టాలప్పా!" అన్నాడు. భానుప్రియ ఫక్కున నవ్వేసింది.

పాట మొదలైంది. తిత్తి ఊపిరి పీల్చింది, హార్మోనియం పలికింది, గిటార్ దాని చెయ్యి పట్టుకుంది, డోలక్ తొంభై రెండు దగ్గర హాయిగా నడిచింది. చివరి లైను అయ్యేసరికి అర్చన టీచర్ చప్పట్లు కొడుతూ, గాజులు జారిపోతుంటే పైకి తోసుకుంటూ నిలబడి ఉంది.

"శ్రుతి, తాళం ఎవరు చూసుకుంటారు రేపు?" అంది టీచర్.

ఎలిజబెత్ చెయ్యెత్తలేదు. భానుప్రియ చెయ్యి పట్టుకుని రెండూ కలిపి పైకెత్తింది.

"ఇద్దరం టీచర్. రేపు పొద్దున ఆరింటికి బస్టాండులో కలుస్తాం. నంద్యాల దాకా పెట్టెను అందరం వంతులేసుకుని ఒళ్లో పెట్టుకుంటాం. ముందు వంతు నాది. హాలుకు పోయినాక భాను మెట్టు నొక్కుతాది, నేను తీగ సరిచేసుకుంటా. ఆ తర్వాతే ఫోన్ చూస్తాం."