పచ్చగుడ్డలో రూపాయి

గుమ్మంలో నిలబడ్డ మనిషి ముఖం మీదే అన్నమ్మ తలుపు వేసేసింది! ఆ చప్పుడుకి లోపల బట్టలు మడత పెడుతున్న కూతురు నవ్య పరుగెత్తుకొచ్చింది. తల్లి చేతుల నిండా మైదాపిండి, తలుపు గొళ్ళానికీ మైదాపిండే. మర్నాడు ప్రభువు బల్ల ఆదివారం, యేసు కడరాత్రి భోజనానికి గుర్తుగా రొట్టె పంచుకునే రోజు. వాళ్ళ తెలుగు చర్చికి సంస్కారపు రొట్టె చేసేది ఎప్పుడూ అన్నమ్మే.

ఎవరమ్మా అని నవ్య అడిగితే, ఎవరూ కాదంది. ఎవరూ కాకపోవడమేమిటి? రాయపూర్ దేవేంద్ర నగర్‌లో గోడకు గోడ ఆనుకుని ఏళ్ళ తరబడి కాపురమున్న నఫీసా! అన్నమ్మ కొడుకు మణిదీప్‌ని, అందరూ దీపూ అని పిలిచేవాణ్ణి, సగం పెంచింది ఆవిడే. వాడు పటాలంలో చేరి, సరిహద్దు కాల్పుల్లో పోయి రెండేళ్ళయింది. శవపేటిక ఇంటికొచ్చిన రోజున నఫీసా తమ ఆనవాయితీ ప్రకారం చావింటికి వంట చేసి తెచ్చింది. మీవాళ్ళే చంపి మీరే కూడు పెడతారా అంటూ అన్నమ్మ పదిమందిలో ఆ గిన్నె నేలకేసి కొట్టింది. కడుపుకోతతో ఉన్న మనిషిని ఏమనగలరు? రెండిళ్ళకూ మాటలు తెగిపోయాయి.

వసారాలో నఫీసాతో మాట్లాడి భర్త అమ్మిరాజు లోపలికొచ్చాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, గొంతు పెంచడం తెలియనివాడు. నఫీసా రేపు హజ్ యాత్రకు బయలుదేరుతోందనీ, వెళ్ళేముందు తెలిసినవాళ్ళందరినీ క్షమాపణ అడగడం వాళ్ళ పద్ధతనీ చెప్పాడు.

"ఏ తప్పుకి మాఫీ అడగడానికొచ్చిందో ఇన్నావేటి? దీపూ రైలెక్కిన్నాడు నిన్నడక్కండా ఆడి జబ్బకి రూపాయి కట్టిందట. మన మతంలో కూడదేమో, అందుకే నువ్వు మాటాడ్డం మానీసేవేమో అని ఏడుస్తంది. గిన్నె మాట ఎత్తనే లేదు."

అన్నమ్మ పిండి పళ్ళెం పక్కనే చతికిలబడింది.

ఆ రూపాయి సంగతి ఆమెకు తెలియకపోతే కదా! ప్రయాణమయ్యేవాడు క్షేమంగా చేరాలని నఫీసా వాళ్ళు రూపాయి బిళ్ళను పచ్చగుడ్డలో చుట్టి జబ్బకు కడతారు. చేరాక దాన్ని బీదలకిచ్చేస్తారు. రాయపూర్ స్టేషన్లో అది అన్నమ్మ కంటబడింది. ప్రభువును నమ్ముకున్న ఇంట్లో తాయెత్తులేమిటని ఆమే స్వయంగా విప్పి సంచిలో వేసుకుంది. దీపూ నవ్వి చెయ్యి చాపాడు... తల్లి మాట ఎప్పుడు కాదన్నాడని! రూపాయి బిళ్ళ తూటాను ఆపదని ఆమెకు తెలుసు. కానీ ఇంకో తల్లి కట్టిన దీవెనను తన వేళ్ళే విప్పాయన్న బాధ రంపంలా కోస్తుంటే, నేరం నఫీసా మీదికి నెట్టెయ్యడం సులువనిపించింది. అదీ అసలు సంగతి!

ప్రతి సంస్కారానికి ముందూ పాస్టరుగారు చెబుతారు, ఎవరితోనైనా విరోధముంటే వెళ్ళి సమాధానపడమని. చర్చి కర్టెన్ల రంగు దగ్గర పోట్లాడిన శ్రీలక్ష్మిని అన్నమ్మ అలాగే కౌగిలించుకుని, నిబ్బరంగా రొట్టె తీసుకుంది. ఆ నియమం చర్చి ప్రహరీ దాటి కూడా వస్తుందని ఒక్కనాడూ తట్టలేదు. నీ మీద ఒకరికి బాధ ఉంటే అర్పణ అక్కడే వదిలి ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళమని స్త్రీల కూటంలో బోధించేది మాత్రం తనే. ఛీ, ఎంత సిగ్గుమాలిన బతుకు!

పిండి అలాగే వదిలేసి లేచింది. పెట్టె అడుగునుంచి పచ్చగుడ్డ తీసి గుప్పిట్లో పెట్టుకుని పక్కింటి మెట్లెక్కింది.

సూట్‌కేసుల మధ్య కూర్చున్న నఫీసా గబుక్కున లేచి, అన్నమ్మ నోరు విప్పకముందే చేతులు జోడించింది.

"అల్లా తనకి చేసిన తప్పు మాఫ్ చేస్తాడు దీదీ. మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మాఫ్ చెయ్యాల. అందుకే వచ్చినా."

"నువ్వు కాదు నఫీసా, అడగాల్సింది నేను. గిన్నె కొట్టినందుకు... ఇంకా దీనికి." అన్నమ్మ గుప్పిట తెరిచింది. "స్టేషన్లో నేనే విప్పీసేను."

నఫీసా ఆ గుడ్డను వేలితో తడిమి చూసింది.

"ఆఖరిదాకా వాడి ఒంటి మీదే ఉందనుకున్నా," అంది మెల్లగా. "అదే తలుచుకుని నిద్రపోయేదాన్ని."

అన్నమ్మ తల దించుకుంది. ఆ గిన్నె దెబ్బ తనకే తగిలినా ఇంత నొప్పి ఉండేది కాదు. వెళ్ళిపొమ్మంటుందనుకుంది. వెళ్ళిపోవడానికి వెనక్కి తిరిగింది కూడా. అప్పుడు నఫీసా కొంగుతో కళ్ళు తుడుచుకుని, జాకెట్టు చెయ్యి పైకి మడిచి, జబ్బ ముందుకు చాపింది.

"కట్టు దీదీ. నేను వాపస్ వచ్చినాక నువ్వే విప్పాల. ఆ రూపాయి దీపూ పేరు మీద ఇద్దాం."

అన్నమ్మ కళ్ళెత్తకుండానే పచ్చగుడ్డ చుట్టింది. కన్నీళ్ళకు ముడి కనపడలేదు, వేళ్ళకంటిన పిండికి ఒకసారి జారింది, మళ్ళీ జారింది. నఫీసా మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ముడి పడేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.