వెనక మనిషి మాట

సుక్మా దాటాక ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట బండి ఆపి మధ్యాహ్నం అన్నం తిన్నాం. ఎండుచేపల పులుసు. మూర్తి మావ స్వయంగా వండాడు. సన్నగా వాన పడుతోంది. సాల్ చెట్ల మీంచి జారిన నీళ్లు రోడ్డంచున ఎర్రగా పారుతున్నాయి.

మాది మామూలు లారీ కాదు. ముందు లాగే బండి, దాని వెనక పన్నెండు వరసల చక్రాల ట్రెయిలర్, దాని మీద కొండ మీది గనికి వెళ్లాల్సిన ఎనభై టన్నుల ఇనుప యంత్రం. నేను కిరండూల్లో పద్నాలుగేళ్లు ఖనిజం లారీ తోలాను. అయినా ఈ బండి ఎక్కిన మొదటి రోజే నాకు డ్రైవింగ్ రాదని అర్థమైంది.

నేర్పుతున్నది ఈ మూర్తి మావే, సత్యమూర్తి. కిరండూల్ క్వార్టర్లలో మా వరసలోనే ఉంటాడు. చుట్టరికం లేకపోయినా చిన్నప్పటి నుంచీ నాకు మావే. అరవై దగ్గర పడ్డాయి.

"లారీకి అద్దాలు సాల్తాయి గవర్రాజూ. దీనికి సాలవు. మలుపులో నీ బండి తోక నీకే అగుపడదు. వెనక మనిసి మాటే నీ కన్ను," అని రోజుకు పదిసార్లు చెప్పేవాడు.

వెనక మనిషి ఉమేష్. సుక్మా కుర్రాడు. ట్రెయిలర్ వెంట నడుస్తూ, చేతి రిమోటుతో వెనక చక్రాలను తిప్పుతూ, వాకీటాకీలో చెబుతుంటాడు. "చల్నే దో అన్నా... ఇంగ జర... రోకో!" అతని భాష అలాగే ఉంటుంది, సగం హిందీ, సగం తెలుగు. బండికి వాకీలు రెండే. ఒకటి అతని దగ్గర, ఒకటి క్యాబిన్లో.

చేతులు కడుక్కుని క్యాబిన్ ఎక్కాం. మావ స్టీరింగ్ వైపు రాలేదు. పక్క సీట్లో కూర్చున్నాడు.

"పై మలుపు నువ్వే తిప్పు. నావల్ల కాదు."

ఎందుకో నాకు తెలుసు. రెండేళ్ల కిందట ఆ మలుపులోనే ఆయన బావమరిది దేముడు చనిపోయాడు. అప్పుడు వెనక మనిషి అతనే. ట్రెయిలర్ వెనక్కి వచ్చి అతన్ని కొండరాయికి నొక్కేసింది. వాకీ పాడై మాట వినబడలేదని అందరూ అనుకున్నారు. మావ పెళ్లాం వరహాలమ్మ అత్త కూడా అదే నమ్మింది.

మావ అద్దం మీది వాననీళ్లు చూస్తూ మెల్లగా అన్నాడు.

"వాకీ బాగానే ఉందిరా. ఆడు ఆపు బావా అన్నాడు. నాను ఇన్నాను. ఇంకో రెండడుగులొస్తే మలుపు తిరిగిపోద్దనుకున్నాను. రెండడుగులే... మీ అత్తకి సెప్పలేదు. ఎలా సెప్పను? ఆణ్ని ఎత్తుకుని పెంచింది."

ఇంజన్ స్టార్ట్ చేశాను.

మలుపు చేరేసరికి నాలుగు దాటింది. మా ముందు నడిచే పైలట్ జీపు పైకెళ్లి ఎదురొచ్చే బండ్లను ఆపింది. మంచు దిగుతోంది. ఎడమ పక్క నల్లటి కొండరాయి. కుడి పక్క లోయ. పచ్చి ఆకుల వాసన, దాని మీద కాలిన బ్రేకుల వాసన. అంత పొడుగు బండి ఒక్కసారికి తిరగదు. ముందుకెళ్లాలి, వెనక్కి రావాలి, మళ్లీ ముందుకి. మొదటిసారి ముందుకెళ్లాను. రివర్స్ గేరు వేశాను. అద్దాల్లో తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు.

వాకీ గరగరలాడింది.

"రానీ... రానీ..."

నెమ్మదిగా వదిలాను.

"ఇంకొంచెం... రానీ... బాగుంది. రానీ..."

మంచి గొంతు. తొందర లేదు. నాకు ధైర్యం వచ్చింది. మావ వైపు చూశాను. ఆయన రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని ఉన్నాడు. గోళ్లు తెల్లబడ్డాయి. అప్పుడు తట్టింది నాకు... ఉమేష్ ఎప్పుడూ 'రానీ' అనడు, 'చల్నే దో' అంటాడు.

"ఆపు బావా."

బ్రేకు మీద నిలబడ్డాను. బండి మూలిగి ఆగింది.

మంచులోంచి ఉమేష్ పరిగెత్తుకొచ్చి నా తలుపు కొట్టాడు. ఒళ్లంతా తడి. చేతిలో వాకీ.

"అరుస్తనే ఉన్న అన్నా! నీళ్లు పోయి ఇది బంద్ అయింది, కింది మలుపు కాణ్నుంచే. కుడి చక్రాలకు లోయ జానెడే ఉంది. ఆగాలని నీకెట్ల తెలిసింది?"

నేను జవాబు చెప్పేలోపు క్యాబిన్లోని వాకీ మళ్లీ గరగరలాడింది.

"ఈసారి ఇనబడిందా, బావా?"

మావ ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ముడుచుకుపోయింది. కళ్ల నీళ్లు గడ్డంలోకి దిగుతున్నాయి. తలుపు తీశాడు.

"మావా, ఎల్లకు."

"ఒక్కడే నిలబడున్నాడురా. రెండేళ్ల నుంచి వానలో... ఒక్కడే."

దిగాడు. ట్రెయిలర్ పక్కనుంచి నడిచాడు. అద్దంలో ఆయన వీపు కాసేపు కనబడింది. తర్వాత లేదు.

ఉమేష్, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వాన చప్పుడు. ఇంజన్ చప్పుడు. ఇంకేం లేదు.

అప్పుడు వాకీలో...

"రానీ."

ఉమేష్ తన చేతిలోని చచ్చిన వాకీ వైపు చూశాడు.

"రెండడుగులే గవర్రాజూ. రానీ."

అది దేముడి గొంతు కాదు. మూర్తి మావది.

ఇంజన్ ఆపేశాను. బ్రేకు బిగించాను. ఉమేష్ గబగబా చక్రాల కింద చెక్కలు పెట్టాడు. ఇద్దరం వెనక్కి పరిగెత్తాం.

మావ కొండరాయికీ ట్రెయిలర్ ఎడమ మూలకీ మధ్య సందులో నిలబడి ఉన్నాడు. మూరెడు కూడా లేని సందు. అందులోకి మనిషి దూరలేడు. బండి కదలలేదు. ఒంటి మీద ఒక్క గీత లేదు. కళ్లు తెరిచి ఉన్నాయి. ఊపిరి లేదు.

ఆయన్ను బయటికి తియ్యడానికి బండిని అడుగు ముందుకు జరపాల్సి వచ్చింది.

సుక్మా ఆసుపత్రిలో శవం దగ్గర ఉమేష్‌ను ఉంచాను. ఫోన్లో ఎవరూ చెప్పొద్దు, నేనే వెళ్తాను అన్నాను. తెల్లారి జీపులో కిరండూల్ చేరేసరికి ఎనిమిదైంది. దారంతా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. అత్తా, మావకి ఒంట్లో బాగాలేదు... అత్తా, నువ్వు ధైర్యంగా ఉండాలి...

వాళ్ల గుమ్మం ముందు కొత్తగా ముగ్గు వేసి ఉంది. తలుపు తీసింది వరహాలమ్మ అత్త. తలంటుకుని ఉంది. దేముడు పోయాక ఆమె నవ్వడం నేను చూడలేదు. ఇప్పుడు నవ్వుతోంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి, అయినా నవ్వుతోంది.

"నువ్వూ వచ్చావా? రా, కూకో."

"అత్తా, నీకో మాట..."

"తెలుసు నానా. మీ మావ అంతా సెప్పేసాడు. ఆపమంటే ఆపలేదట. గుమ్మంలో కూలబడి ఏడ్సాడు. నాను మాత్రం ఏటనగలను? ఆడే, పోన్లే అక్కా, ఒగ్గెయ్ అన్నాడు."

లోపల పీట ముందు రెండు కంచాలు వేసి ఉన్నాయి. అన్నంలోంచి ఆవిరి లేస్తోంది. అత్త నాకోసం మూడో కంచం తీసి చెంగుతో తుడిచింది.

"ఇద్దరూ బురదకొట్టుకుపోయి వచ్చారు. పెరట్లో కాళ్లు కడుక్కుంటన్నారు."

వెనక తలుపు ఓరగా వేసి ఉంది. అవతల చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. కాసేపు ఒకరు పోసుకున్నట్టు, ఆ తర్వాత చెంబు చెయ్యి మారినట్టు.

నేను చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాను.

అత్త తలుపు వైపు తిరిగి పిలిచింది.

"వచ్చెయ్యండి. అన్నం సల్లారిపోతంది."

నీళ్ల చప్పుడు ఆగింది.