కుక్క ఉన్నవారికి ఇవ్వబడదు

కుక్క ఉన్నవాళ్ళకి ఇల్లు అద్దెకివ్వకూడదు. ఇందులో చర్చించడానికేమీ లేదు.

ఒకసారి ఇచ్చాను. చదువుకున్న మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. ఆయన కుక్క మూడేళ్ళలో పై వాటాలో నాలుగు తలుపులు పాడుచేసింది. అవి నేను చేసిన తలుపులు. వడ్రంగిని. ఒక్కో తలుపుకి పన్నెండు రోజులు పట్టింది. ఆ మనిషికి ఇల్లివ్వమని పట్టుబట్టింది నా భార్య. "కుక్క ఉంటే మనుషులు కాకుండా పోతారా?" అంది. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఆ మాటని నేనింకా క్షమించలేదు.

మళ్ళీ తలుపులు చేసి బిగించాను. గేటుకి బోర్డు తగిలించాను.

ఆ బోర్డు పక్కనే నిలబడి గేటు తట్టింది ఆ అమ్మాయి. పక్కన కుక్క. మూతి నెరిసింది, ఒక చెవి వాలిపోయింది.

"బోర్డు చదివావా?" అన్నాను.

"చదివానండి. కళ్ళద్దాల షాపులో పని నాది. పొద్దస్తమానం జనం చేత అక్షరాలు చదివించడమే."

"మరి?"

"పదకొండు ఇళ్ళు తిరిగానండి. అన్ని గేట్లకీ ఇదే బోర్డు. ఒక్కరైనా కుక్కని చూసి మాట్లాడతారేమోనని వచ్చాను."

"చూశాను. మాట్లాడాను. వెళ్ళమ్మా."

వెనక షెడ్డులో చిత్రిక చప్పుడు ఆగింది. నా కొడుకు బయటికొచ్చాడు. వాడికి ఇరవై ఎనిమిది. పన్నెండేళ్ళుగా నా దగ్గర పని నేర్చుకుంటూనే ఉన్నాడు. వాడు బిగించిన ప్రతి అతుకులోంచీ వెలుతురు కనిపిస్తుంది. ఏ పనైనా ముప్పాతిక చేసి వదిలేస్తాడు. మిగతా పాతిక నేను చెయ్యాలి.

"నాన్నా, కుక్కని వేరేచోట ఉంచుకుంటే ఇవ్వొచ్చుగా?" అన్నాడు.

"ఎక్కడ?"

"మా అక్క దగ్గర," అంది ఆమె వెంటనే. అని, వాడివైపు చూసింది. అద్దాన్ని వెలుతురుకి పట్టి ఎక్కడ గీత ఉందో వెతికే చూపు అది. వాడు చెవుల దాకా ఎర్రబడ్డాడు.

అప్పుడే నేను గేటు మూసెయ్యాల్సింది.

అగ్రిమెంటులో షరతు నా చేత్తోనే రాశాను. వాటాలో జంతువు కనిపిస్తే ఖాళీ చెయ్యాలి. నెలకో ఆదివారం నేను వచ్చి చూస్తాను. ఆమె చదివి సంతకం పెట్టింది.

రెండు నెలలు కుక్క అక్క ఇంట్లోనే ఉంది. నా కొడుకే ఇంట్లో ఉండడం మానేశాడు.

"పై వాటాలో కిటికీ బిగుసుకుపోయిందట, నాన్నా."

"మొన్ననే బాగుచేశావుగా?"

"ముప్పాతికే చేశాను. మిగతా పాతికకి వెళ్తున్నా."

మూడో నెలలో మేడమీద తీగకి చిన్న మేజోళ్ళు ఆరేసి కనిపించాయి. నాలుగు.

"ఎవరివమ్మా అవి?"

"మా అక్క కొడుకువండీ."

"నాలుగెందుకు?"

"రెండు జతలండీ."

"నాలుగూ ఒకటే రంగు."

"వాడికి ఆ రంగంటే ప్రాణం."

నీళ్ళు తాగుతున్న నా కొడుక్కి పొలమారింది.

"ఎవరో తలుచుకుంటున్నారు," అన్నాడు నెత్తిమీద కొట్టుకుంటూ.

"ఆ ఎవరో మేడమీదే ఉన్నారులే," అన్నాను. ఇద్దరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మెట్ల కింద కూర్చుని రంపానికి పదును పెడుతున్నాను. పైనుంచి మాటలు వినిపించాయి.

"ముసలాయన కనిపెట్టేస్తే?" అన్నాడు వాడు.

"ఏ ముసలాయన? పైనున్నాయనా, కిందున్నాయనా?"

"నవ్వు ఎలా వస్తోందండీ మీకు?"

"ఏడవలేక. అక్క బిడ్డకి వీడి బొచ్చు పడక ఒళ్ళంతా దద్దుర్లు. వీణ్ణి తీసుకుపొమ్మంది. నేనెక్కడికి తీసుకుపోను? షాపుకెళ్తే చాలు, తలుపు గోకుతూ కూర్చుంటాడు. ఆదివారం మీ నాన్నగారు చూస్తే నేను రోడ్డు మీదే."

"చూడరు. ఆ గంటసేపు వీణ్ణి నేను బయట తిప్పుతాను. తలుపు సంగతి కూడా నేను చూసుకుంటాను."

"మీరు చూసుకుంటే అందులోంచి వెలుతురు కనిపిస్తుందటగా?"

"ఎవరన్నారు?"

"మీ నాన్నగారే. వీధి వీధంతా చెప్పారు."

నేను ఆకురాయి ఆపలేదు. ఆపితే విన్నానని తెలుస్తుంది. దొంగని దొంగతనం జరిగిన చోటే పట్టుకోవాలి. ఆదివారం దాకా ఆగాను.

ఆదివారం పైకి వెళ్ళాను. ఆమె ఒక్కతే ఉంది. గది కడిగినట్టుంది. ఒక్క వెంట్రుక లేదు. తిన్నగా వెళ్ళి గది తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాను.

తలుపు మీద గోటిగీత లేదు. పుట్టీ మచ్చా లేదు. నా అనుమానం తప్పేమో అనుకున్నాను. అలవాటుకొద్దీ అరచెయ్యి పెట్టి నిమిరాను.

కింది పలక నాది కాదు.

పాత చెక్కకి కొత్త చెక్క అతికారు. గీతకి గీత కలిసింది, రంగుకి రంగు కలిసింది. అతుకు మీద గోరు పెట్టి నొక్కాను. దిగలేదు. ఇంకో చోట కూడా నొక్కి చూసి లేచాను.

"కుక్క ఎక్కడ?" అన్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తుడిచినవే మళ్ళీ తుడిచింది.

"ఏ కుక్కండీ?"

"ఈ పలక నేను చేసింది కాదు."

బయట ఒక్కసారిగా వాన అందుకుంది. వెంటనే మెట్ల మీద పరుగు చప్పుడు. తడిసి ముద్దయిన నా కొడుకు, వాడి వెనకే నాలుగు కాళ్ళకీ మేజోళ్ళతో కుక్క. అది నేరుగా నా ముందుకొచ్చి ఒళ్ళు విదిలించింది. నా చొక్కా మొత్తం తడిసింది.

"నెల గడువు," అన్నాను.

"నెల అక్కర్లేదండి. అబద్ధమాడాను. రేపే వెళ్ళిపోతాను. ఆయన్ని మాత్రం ఏమీ అనకండి," అంది ఆమె.

"నాన్నా, తప్పు నాది..."

"నువ్వుండరా. ఆ అతుకు ఎన్నిసార్లు చేశావు?"

వాడు తల దించుకున్నాడు. "నాలుగుసార్లు. మూడు చెక్కలు పాడయ్యాయి."

"నా దగ్గర పన్నెండేళ్ళలో ఏ పనైనా రెండోసారి చేశావా?"

ఆమె వాడివైపు తిరిగింది.

"పుట్టీ పెట్టానని చెప్పారు నాతో."

వాడు నోరు తెరిచాడు. ఆమె ఎదురుచూసింది. వాడు నోరు మూశాడు. ఆ పనీ ముప్పాతికే.

మర్నాడు ఆమె కుక్కని తీసుకుని వెళ్ళిపోయింది. అడ్వాన్సు తిరిగివ్వబోతే లెక్క చూసుకోకుండానే సంచిలో వేసుకుంది. వాడు సామాను ఆటో ఎక్కించాడు.

తొమ్మిది రోజులు వాడు పనిచేశాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, తల ఎత్తకుండా. పదో రోజు నేను ఆ తలుపు ఊడదీసి షెడ్డులోకి తెచ్చి తప్పు వెతికాను. రెండు రోజులు వెతికాను. దొరకలేదు. నాకు ఒళ్ళు మండింది.

"వెళ్ళి అడగరా," అన్నాను.

"ఏమని?"

"అది కూడా నేనే చెప్పాలా?"

"ఇల్లు ఇవ్వనన్నావుగా, నాన్నా?"

"అద్దెకివ్వనన్నాను."

వాడు లేచి చెప్పులేసుకున్నాడు. వెనకే నేనూ వెళ్ళాను. ఒక్కణ్ణి పంపిస్తే దారిలోనే ఆగిపోతాడు.

షాపు చేరేసరికి మళ్ళీ వాన. ఆమె కౌంటరు వెనక ఉంది. కుక్క కౌంటరు కింద ముడుచుకుని పడుకుంది. షాపు వెనక సామాన్ల గదిలో ఉంటున్నారట ఇద్దరూ. ఓనరు శనివారం దాకే గడువిచ్చాడని తర్వాత తెలిసింది. ఆ రోజు శుక్రవారం.

"ఎవరికి చూడాలి?" అంది, కొత్తవాళ్ళని అడిగినట్టు.

"నాకు," అన్నాడు వాడు.

కుర్చీలో కూర్చోబెట్టింది. బరువైన ఇనప ఫ్రేము ముక్కు మీద పెట్టింది. "పై వరస చదవండి."

"కనిపించట్లేదు."

టక్‌మని ఇంకో అద్దం వేసింది. "ఇప్పుడు?"

"ఇప్పుడూ అంతే."

"అంత పెద్ద అక్షరం కనిపించట్లేదా?"

"మీరు అడ్డంగా ఉన్నారు."

గోడవారగా బెంచీ మీద కూర్చున్న నేను దగ్గాను.

"జరుగుతాను," అంది ఆమె.

"జరగకండి."

ఆమె చేతిలో అద్దం ఆగిపోయింది. వాడు ఫ్రేము తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళతో దాని అంచు నిమిరాడు. ఆ అతుకు వేసిన వేళ్ళే.

"ఆ పలక నాలుగుసార్లు చేసింది నాన్నకి భయపడి కాదండీ. మీరు వెళ్ళిపోతారేమోనని. అయినా వెళ్ళిపోయారు. ఆ రోజే చెప్పాల్సింది, నోరు రాలేదు. మీరంటే నాకు చాలా ఇష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"ఇది మీ మాటా, మీ నాన్నగారి మాటా?"

"నాన్న మాటైతే ఇంత పొడుగుండదు."

ఆమె పెదవి కొరుక్కుంది. నవ్వాపుకోవడానికో, ఇంకెందుకో.

"ఇల్లు దొరకలేదు కాబట్టి ఒప్పుకుంది అంటారు జనం."

"కుక్క కోసం ఒప్పుకుందని నేనే చెప్తాను."

"నీ మొహం," అంది. అన్నాక ఆమెకి తెలిసింది 'నీ' అన్నానని. చార్టు వైపు తిరిగిపోయింది. చాలాసేపు పై వరసే చదువుకుంది. తర్వాత మెల్లగా తల ఊపింది. వాడికి వీపే కనిపిస్తోంది. అయినా చూశాడు.

తర్వాత నా ముందుకొచ్చి నిలబడింది.

"మీరేమంటారండీ?"

"అద్దెకివ్వను," అన్నాను.

"అద్దెకి రాను."

"కుక్క?"

"వీడు లేకుండా అసలే రాను. ఇప్పుడే చెప్తున్నాను. తర్వాత అబద్ధమాడిందని అనొద్దు."

కుక్క లేచి వచ్చింది. నా తడిచెప్పు వాసన చూసి గట్టిగా తుమ్మింది.

"సరే, రండి," అన్నాను.

వచ్చే నెలకి రెండేళ్ళు. ముగ్గురూ పైనే ఉంటున్నారు. మొన్న ఎదురింటి ఓనరు గోడ మీదుగా పలకరించాడు. అతని గేటుకీ అలాంటి బోర్డే ఉంది.

"ఏం మేస్త్రీ, పిల్లి ఉన్నవాళ్ళు వచ్చి అడుగుతున్నారు. ఇవ్వమంటావా?"

"నీ ఇల్లు, నీ తలుపులు. నన్నడగకు."

"నీ మనసు మారిందని చెప్పుకుంటున్నారే వీధిలో?"

జవాబివ్వకుండా లోపలికి వచ్చేశాను. చెప్పాల్సిందంతా ఇక్కడ రాశాను. ఇంక దీని గురించి ఎవరితోనూ, ఎప్పుడూ మాట్లాడను.